చేదు చూడటం

మా అమ్మ దోసకాయ తరిగే ముందు తప్పకుండా చేసే పని ఒకటుండేది. కత్తిపీట వాల్చుకుని కూర్చుని, ముచ్చిక వైపు చిన్న ముక్క కోసి నాలిక చివరకు ఆనించుకునేది. కాయను రెండు చెక్కలు చేశాక గింజల దగ్గరి గుజ్జును కూడా వేలితో తీసి చూసేది. ఆ తర్వాతే ముక్కలు పప్పులోకి వెళ్లేవి. అమ్మ ముఖం చిట్లించిందంటే ఆ కాయ గేదె కుడితిలోకి కూడా పోయేది కాదు, నేరుగా పెరట్లో ఎరువుగుంతలో పడేది. మాది తెనాలి దగ్గర పల్లె. వేసవిలో దోసకాయ లేని పూట ఉండదు కాబట్టి ఇది రోజూ చూసేదాన్ని. చేదు ముక్క ఒక్కటి పడితే గిన్నెడు పప్పూ పారబోయాలి కదా, అందుకనే ఈ జాగ్రత్త అనుకునేదాన్ని.

ఇప్పుడు నాకు 70 ఏళ్లు. షుగర్ వచ్చి 17 ఏళ్లయింది. ఈ 17 ఏళ్లలో కూరగాయల గురించి ఎన్ని విన్నానో, ఎన్ని చదివానో లెక్కలేదు. అయినా పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి కత్తి చేతిలోకి తీసుకోగానే గుర్తొచ్చేది అమ్మ నాలిక చివరి ఆ ముక్కే.

షుగర్ బయటపడ్డ రోజున డాక్టరుగారు చాలా చెప్పారు. ఇంటికొచ్చేసరికి నా చెవిలో మిగిలింది ఒక్క మాట: “అన్నం తగ్గించండమ్మా, కూరగాయలు ఎంతైనా తినండి.” తీపి పోయింది, అన్నం సగమైంది, మామిడిపండుకు లెక్కలొచ్చాయి. అన్ని తలుపులకూ గడియలు పడ్డ ఆ రోజున ఈ ఒక్క తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. ఆ ‘ఎంతైనా’ అన్న మాటను నేను చాలాకాలం పట్టుకుని వేలాడాను. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతా తిరిగి చేసిన సర్వే లెక్కలు 2023లో వచ్చాయి. షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారట. అంతమందిలో ఎందరి చెవిలో ఇదే మాట పడి ఉంటుందో.

మాట తప్పు కాదు. మనం కూర తినేది నిజంగానే తక్కువ. తెలుగువాళ్ల కంచంలో అన్నం కొండలా ఉంటుంది, కూర దాని పక్కన పిల్లకాలువలా ఉంటుంది. “ఇవాళ అన్నంలోకి ఏం కూర?” అని అడుగుతామే గాని కూరలోకి ఎంత అన్నం అని ఎవరూ అడగరు. మా హైదరాబాదులో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు చెబుతున్నాయి. ఆ సంగతి తెలిశాక ఒకరోజు తూకం పెట్టి చూశాను. పావుకిలో బెండకాయలు, గిల్లి కడిగిన తోటకూర రెండు గుప్పెళ్లు, ఒక టమాటా. ఇంతా చేస్తే ఒక్కరికి ఒక్కరోజుకు. మా చిన్నప్పుడు అంత కూరతో ఆరుగురం రెండు పూటలూ గడిపేవాళ్లం. ఆ రోజు నుంచి కంచంలో వడ్డన వరస మార్చాను. ముందు ఒక కప్పు కూర, అన్నం కలపకుండా. తర్వాత పప్పు. అన్నం చివర. దీనికి ఆధారం కూడా ఉంది. 2015లో న్యూయార్కులో షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. కూరలూ మాంసమూ ముందు తిని బ్రెడ్డు చివర తిన్న రోజున, గంట తర్వాత రక్తంలో చక్కెర మూడో వంతుకు పైగా తక్కువగా ఉంది. 11 మంది అంటే చిన్న పరిశోధనే. కానీ నా ఇంట్లో మిషను మీద నా వేలి చుక్కతో నేనూ చూసుకున్నాను. నాకు పనిచేసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కూర ఎక్కువ తినడం మొదలుపెట్టాకే, దానికీ జాగ్రత్త కావాలని తెలిసింది.

పొద్దున్నే పార్కుల గేట్ల దగ్గర చిన్న బల్లలు వేసి పచ్చటి రసాలు అమ్ముతారు. కాకర, సొర, ఉసిరి, మునగాకు, గోధుమగడ్డి. నడక ముగించి వచ్చేవాళ్లలో సగం మంది నా వయసువాళ్లే. చిన్న గాజుగ్లాసు పట్టుకుని కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగేస్తారు. నేనూ కొన్నాళ్లు తాగాను. చేదు ఎంత ఎక్కువుంటే అంత మంచిదని మాకందరికీ నమ్మకం. చేదును ఓర్చుకోవడమే మందు అనుకునేవాళ్లం.

2010లో ఢిల్లీలో జరిగింది చదివిన రోజున నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. అక్కడ ఒక శాస్త్రవేత్తకు షుగర్ ఉంది. పొద్దున్నే సొరకాయ రసం తాగే అలవాటు. ఒకరోజు సొరకాయనూ కాకరకాయనూ కలిపి తీసిన రసం తాగారు. అది మామూలు కన్నా చేదుగా ఉంది. వాంతులు పట్టుకున్నాయి, ఆస్పత్రిలో చేర్చారు, ఆయన దక్కలేదు. ఆయన భార్య కూడా అదే రసం తాగి జబ్బుపడ్డారు, ఆవిడ బతికారు. విజ్ఞానశాస్త్రంలో బతుకు గడిపిన మనిషి, ఆరోగ్యం కోసం తాగిన రసం. ఆ వార్త నన్ను చాలా రోజులు వదల్లేదు.

తర్వాత వైద్య పరిశోధనా మండలి నిపుణులను కూర్చోబెట్టి దీన్ని పరిశీలించింది. దోస, సొర, గుమ్మడి, బీర, పొట్ల, దొండ అన్నీ ఒకే కుటుంబం తీగలు. వీటి అడవి చుట్టాలన్నిటిలోనూ కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. పురుగులూ పశువులూ తినెయ్యకుండా తీగ చేసుకున్న కాపుదల అది. వేల ఏళ్లుగా రైతులు తియ్యటి కాయల గింజలే దాచి, విత్తి, ఆ చేదును తగ్గించుకుంటూ వచ్చారు. కానీ అది పూర్తిగా పోలేదు. ఎండ మండిపోయినా, నీళ్లు చాలకపోయినా, పక్కన చేదు తీగ ఉండి పుప్పొడి కలిసిన గింజ మొలిచినా, ఎప్పుడో ఒక కాయలో పాత చేదు మళ్లీ పైకి వస్తుంది. ఉడికించినా పోదు. విరుగుడు మందు లేదు. కాకర చేదు వేరు, అది దాని స్వభావం. సొరకాయ చేదుగా ఉండటం మాత్రం ప్రమాదపు గుర్తు. రెండింటినీ కలిపి రసం తీస్తే కాకర చేదు చాటున సొర చేదు దాక్కుంటుంది. ఆ నిపుణులు చెప్పిన సలహా నాలుగు ముక్కలే: రసం తీసే ముందు చిన్న ముక్క కోసి రుచి చూడండి, చేదుగా ఉంటే పారేయండి, వేరే రసాలతో కలపకండి, తాగాక కడుపులో తిప్పినా వాంతి వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ముక్క కోసి రుచి చూడమన్నారు. ఢిల్లీలో నిపుణుల సంఘం కూర్చుని చెప్పిన మాట, అక్షరం చదవని మా అమ్మ రోజూ చేసిన పని. పప్పు కోసం చేస్తోందనుకున్నాను నేను. ఆవిడకు విషం సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. ఆవిడకు ఆవిడ అమ్మ నేర్పి ఉంటుంది, అంతే. చేదు కాయను పశువుకు కూడా పెట్టకపోవడంలో మాత్రం ఏదో తెలిసినతనం ఉందని ఇప్పుడనిపిస్తుంది.

సొరకాయ రసం మానేసినా కాకరకాయ రసం మాత్రం వదల్లేదు నేను. డాక్టరుగారికి చెప్పనూ లేదు. కూరగాయే కదా, మందు కాదు కదా అని. ఇక్కడే నా ఆలోచనలో లోపముంది. కాకరకాయకు చక్కెర తగ్గించే గుణం ఎంతో కొంత ఉందని నమ్మే కదా తాగుతున్నాను? ఆ గుణం ఉంటే అది నా మాత్రకు తోడవుతుందని ఎందుకు అనుకోలేదు? మనం మింగే మెట్‌ఫార్మిన్‌కు మూలం కూడా యూరప్‌లో పెరిగే గలేగా అనే ఒక మొక్కే. మొక్కకు బలముందని ఒప్పుకున్నాక దాన్ని అమాయకమైనదనుకోవడం కుదరదు.

నేను శనివారం రాత్రి అన్నం తినను. వెంకటేశ్వరస్వామికి అమ్మ మొక్కిన మొక్కు, నాకు అలవాటుగా వచ్చింది. మామూలుగా రెండు ఇడ్లీలో గుప్పెడు ఉప్మానో తింటాను. ఒక శనివారం పొద్దున కాకర రసం తాగాను. రాత్రి టిఫిను కూడా ఎందుకులే అనిపించి కీరదోస, టమాటా, కారెట్ ముక్కలు పళ్లెం నిండా తిని మజ్జిగ తాగి పడుకున్నాను. మాత్ర మాత్రం రోజూలాగే వేసుకున్నాను. గ్లిమిపిరైడ్. అది క్లోమాన్ని కదిలించి ఇన్సులిన్ వచ్చేలా చేసే మాత్ర. కడుపులో అన్నం ఉందా, ఆకులున్నాయా అని అది చూడదు.

రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చింది. జాకెట్టు తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. లైటు స్విచ్చి ఎక్కడుందో 20 ఏళ్లుగా ఉంటున్న ఇంట్లో నాకు తెలియలేదు. గోడ తడుముకుంటూ నిలబడ్డాను. మా వారు లేచి, “ఏమైంది, ఎందుకలా నించున్నావ్?” అంటుంటే ఆ మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపించాయి. మిషను పెట్టి చూస్తే 52. 70 కంటే తగ్గితే ఆగకూడదని అంతకుముందు నర్సమ్మ చెప్పిన మాట ఆయనకు గుర్తుంది. మూడు చెంచాల చక్కెర గ్లాసు నీళ్లలో కలిపి తాగించారు. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసి, 80 దాటాక రెండు ఇడ్లీలు వేడిచేసి పెట్టారు. అప్పటికీ పడుకోనివ్వలేదు. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, చక్కెర మళ్లీ పడిపోవచ్చు. తెల్లవారేదాకా ఇద్దరం హాల్లో కూర్చున్నాం. గంటకోసారి నా వేలు పట్టుకుని చుక్క తీశారు. ఆ రాత్రి ఆయన నిద్రలేవకుండా ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది.

మర్నాడు డాక్టరుగారు మందలించలేదు. మాత్ర మోతాదు తగ్గించారు. మా వయసులో, అందునా నాలుగైదు జబ్బులున్నవాళ్లలో, మూడు నెలల చక్కెర సగటు చూపే పరీక్షలో 8 లోపు ఉన్నా సరిపోతుందని, 6కు దించాలని పంతం పడితే ఇలాంటి రాత్రులే వస్తాయని చెప్పారు. మళ్లీ ఒక మాట అన్నారు: “ఎంత తిన్నారో చూసుకుని మాత్ర వేసుకోవాలమ్మా. భోజనం మారిన రోజున నాకు ఫోన్ చేయండి.” ఆ మాట నేను వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకున్నాను. ఒంటరిగా ఉంటున్న నా స్నేహితురాళ్లందరికీ ఇది చెబుతుంటాను. ఉపవాసమని, ఏకాదశి అని, కోడలు ఊరెళ్లిందని, ఒంట్లో బాగోలేదని అన్నం మానేసి నాలుగు కీర ముక్కలు తిని పాత మోతాదు మాత్రే మింగేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. గుండెదడకు మాత్రలు వాడేవాళ్లకైతే ఆ దడా వణుకూ కూడా సరిగా తెలియవు, చెమట ఒక్కటే చెబుతుంది.

మా వారి సంగతి ఇంకోలా ఉంటుంది. ఆయనకు గుండెలో కవాటం మార్చి తొమ్మిదేళ్లయింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర. దాని మోతాదు సరిపోతోందో లేదో చూడటానికి ఐఎన్ఆర్ పరీక్ష. ఆపరేషను అయి ఇంటికి వచ్చాక ఎవరో చెప్పారని ఇంట్లో ఆకుకూర పూర్తిగా బంద్ చేశాను. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ. 1930ల్లో దాన్ని కనిపెట్టిన డెన్మార్కు శాస్త్రవేత్త హెన్రిక్ డామ్, గడ్డకట్టడాన్ని వాళ్ల వైపు అనే మాటలోని మొదటి అక్షరాన్నే దానికి పేరుగా పెట్టారు. ఆ మాత్ర పనిచేసేది ఈ విటమిన్‌కు ఎదురు నిలబడే. కాబట్టి ఆకుకూర మానితే మంచిదే కదా అనుకున్నాను. ఏడాది పాటు ఆయన తోటకూర ముఖం చూడలేదు. ఆ సంక్రాంతికి వాళ్ల అన్నయ్యగారింటికి శ్రీకాకుళం వెళ్లారు. పెరటి తోటకూర, మునగాకు పప్పు, పాలకూర పులుసు, వారం రోజులు వదినగారు ప్రేమగా పెట్టారు, ఈయన ఇష్టంగా తిన్నారు. తిరిగొచ్చాక పరీక్షలో ఐఎన్ఆర్ ఉండాల్సిన హద్దు కన్నా బాగా కిందికి పడిపోయింది. అంటే రక్తం గడ్డకట్టే ప్రమాదంలో వారం గడిపారు.

డాక్టరుగారు చెప్పింది నేను ఊహించనిది. “ఆకుకూర మానమని ఎవరన్నారు? తినండి. కానీ ఎప్పుడూ ఒకే లెక్కన తినండి. దానికి సరిపడా మాత్ర నేనిస్తాను.” ఇప్పుడు మా ఇంట్లో సోమ, బుధ, శనివారాలు ఆకుకూర. ఆయనకు ఒక కప్పు. పండగైనా పబ్బమైనా అదే కప్పు.

ఇక మా అక్క. ఆవిడ తెనాలిలోనే ఉంటుంది, నాకంటే ఆరేళ్లు పెద్ద, షుగర్ నాకంటే చాలా ముందు వచ్చింది. మూడేళ్ల కిందట కిడ్నీలు నెమ్మదించాయని తేలింది. రక్తంలో పొటాషియం 5.8 ఉంది. 5 దాటకూడదు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుందట. బీపీకి వాడుతున్న టెల్మిసార్టన్ కూడా దాన్ని కొంత పెంచుతుంది. అప్పటిదాకా అక్క తింటున్నవేమిటి? షుగర్‌కు మంచిదని పాలకూర, మునగాకు, టమాటా, రోజు విడిచి రోజు కొబ్బరినీళ్లు. ఉప్పు తగ్గించాలని కొడుకు అమెరికా నుంచి తెచ్చిన తక్కువ సోడియం ఉప్పు. ఆ ఉప్పులో సోడియం బదులు వేసేది పొటాషియమే అని మాకెవరికీ తెలియదు. మంచివని పేరున్నవన్నీ ఒకచోట చేరి ఆవిడకు కీడు చేశాయి.

పోషకాహార నిపుణురాలు అక్కకు కొత్త వంట నేర్పింది. కూర చెక్కు తీసి చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడకబెట్టి, ఆ నీళ్లు వార్చేసి, అప్పుడు పోపు పెట్టాలి. పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. బంగాళాదుంపలాంటి వాటిలో దాదాపు సగం పోతుంది. వినడానికి తేలికే. కానీ మేము పెరిగిన ఇంట్లో కూర ఉడికిన నీళ్లు పారబోయడం పాపంతో సమానం. సారమంతా అందులోనే ఉంటుందని అమ్మ ఆ నీళ్లను చారులో పోసేది. మొదటిసారి వార్చిన రోజున అక్క ఫోన్ చేసింది. “తొట్టిలో పోస్తుంటే చెయ్యి రాలేదే. అమ్మ ఎక్కడో చూస్తూ ఉన్నట్టనిపించింది” అంది. నేనేం చెప్పను? “అమ్మకు తెలిస్తే ఆవిడే వార్చి పెట్టేది అక్కా” అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఉప్పు వేయకముందే వారుస్తుంది కాబట్టి ఇప్పుడు ఆ నీళ్లు చల్లార్చి కరివేపాకు చెట్టుకు పోస్తోంది. అలాగైతే మనసుకు బాధగా లేదట.

ఒకే తోటకూర. నాకు అది కడుపు నిండా తినాల్సిన కూర, మా వారికి కప్పుతో కొలిచి పెట్టాల్సినది, అక్కకు నీళ్లు వార్చి తినాల్సినది. రైతుబజారులో ముగ్గురం ఒకే బుట్ట ముందు వంగి ఒకే కట్ట ఎంచుకున్నా, ఇంటికెళ్లాక అది మూడు కూరలవుతుంది. వాట్సాప్‌లో రోజూ వచ్చే ‘షుగర్ ఉన్నవారు తినవలసిన పది కూరలు’ లాంటి జాబితాల మీద నాకు కోపం ఇందుకే. ఆ జాబితా మా అక్కను ఎరగదు.

మన భాషలో పథ్యం అనే మంచి మాట ఉండేది. పథం అంటే దారి, ఆ దారికి తగినది పథ్యం. జ్వరం తగ్గినవాడి పథ్యం వేరు, బాలింత పథ్యం వేరు, పసికందుకు పాలిచ్చే తల్లికీ ఆ పక్కనే కూర్చున్న అత్తగారికీ ఒకే పొయ్యి మీద రెండు రకాలుగా వండేవారు. అందులో పనికిరాని భయాలూ ఉండేవి. పచ్చి బాలింతను కూరలకే దూరం పెట్టి కారప్పొడితో నెలలు గడిపించిన ఇళ్లు నేను చూశాను. అది తిరిగి రావాలని నేననడం లేదు. ఎవరికి పెడుతున్నాం, ఏ ఒంటికి పెడుతున్నాం అని వడ్డించేముందు ఒక్క క్షణం ఆగి చూసే అలవాటు మాత్రం మనం పోగొట్టుకోకూడనిది. పాత మాటకు ఉన్న ఆ అర్థం నాకు కావాలి.

భయం వల్ల పోగొట్టుకున్నవీ ఉన్నాయి. తియ్యగా ఉంటుందని చాలా ఏళ్లు కారెట్ మానేశాను. 100 గ్రాముల కారెట్‌లో పిండిపదార్థాలు 10 గ్రాములు దాటవు. అంతే బరువున్న ఉడికిన అన్నంలో అంతకు రెండున్నర రెట్లకు పైగా ఉంటాయి. అలాంటప్పుడు ఆ నాలుగు ముక్కలను ఎందుకు వెలివేశానో. కంద, చామ, బంగాళాదుంపల సంగతి వేరు. అవి తినకూడదని కాదు గాని, వాటిని కూరల లెక్కలో కాక అన్నం లెక్కలో వేసుకుంటాను. కంద బచ్చలి చేసిన రోజున అన్నం సగానికి సగం. ఆవకాయలోనూ గోంగూర పచ్చడిలోనూ కూరగాయ ఉందని సరిపెట్టుకునేవాళ్లున్నారు. అందులో ఉండేది ఎక్కువగా ఉప్పూ నూనే.

పచ్చివాటి విషయంలో నేను ఇప్పుడు చాలా కచ్చితం. మూసీ ఒడ్డున మురుగునీటితో ఆకుకూరలు పెరగడం హైదరాబాదులో అందరికీ తెలిసినదే. బుట్టలో చేరాక ఏ కట్ట ఎక్కడిదో చెప్పలేం. వేర్లు కోసేసి, ఆకులు విడదీసి, మట్టి దిగేదాకా మూడు నాలుగు నీళ్లలో జాడించి, చివరికి కుళాయి ధార కింద కడిగి, బాగా ఉడికిస్తాను. పచ్చి కొత్తిమీర చల్లుకోవడం వానాకాలంలో మానేస్తాను. మొలకలు ఆవిరి మీద ఉడికించే తింటాను. గింజ మొలవడానికి కావాల్సిన తడీ వెచ్చదనమూ సూక్ష్మక్రిములకూ కావాలి. వయసు మీద పడ్డ, షుగర్ ఉన్న ఒంటికి వాటితో పోరాడే శక్తి తక్కువ. ఇంకొకటి కూడా ఉంది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కొందరిలో కడుపు నరాలు నీరసించి తిన్నది కిందికి కదలడం ఆలస్యమవుతుంది. అలాంటివాళ్లకు పచ్చి ముక్కలూ పీచూ రాయిలా కూర్చుంటాయి. నా పళ్లు కూడా మునుపటిలా లేవు. బీరకాయ, పొట్లకాయ, సొరకాయ మెత్తగా ఉడికి, కాస్త పాలో పెసరపప్పో పోసుకుని వస్తే నా నోటికీ కడుపుకీ హాయి. ఆ పెసరపప్పు కూడా ముఖ్యమే. కూరలతోనే కడుపు నింపుకుంటే కండ కరిగిపోతుంది. మెట్లెక్కేటప్పుడు మోకాలి పైభాగం ఆ మాట చెబుతుంది.

రైతుబజారుకు ఇప్పటికీ నేనే వెళ్తాను. 1999 జనవరి 26న అవి మొదలైనప్పటి నుంచీ మెహిదీపట్నం బజారు నాకు అలవాటు. ధరల బోర్డు చూసి, వరస చివరిదాకా నడిచి, తిరిగి వస్తూ కొంటాను. సొరకాయను గోటితో గుచ్చి చూడటం మానేశాను. గుచ్చిన కాయ వేరేవాళ్లకు పనికిరాదు. చేతిలోకి తీసుకుని నూగు చూస్తాను. లేతది అక్కడే తెలుస్తుంది. చేదు మాత్రం పైకి తెలియదు. అది ఇంటికొచ్చి కోస్తేనే.

పోయిన వేసవిలో మా పై అంతస్తులో ఉండే ఆవిడ సొరకాయ తెచ్చిచ్చింది. కరీంనగర్ వైపువాళ్లు, నాకంటే నాలుగైదేళ్లు చిన్న, ఆవిడకూ షుగర్ ఉంది. డాబా మీద పాత బక్కెట్లలో తీగ దానంతటదే మొలిచిందట. “ఫస్టు కాపు అక్కా, రెండే కాసినయ్. ఒకటి మీకు” అని, చీర చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. లేతాకుపచ్చ రంగు, చక్కని నూగు. ఎండలు 43 దాటుతున్న రోజులు. ఆ ఎండలో రోజూ సాయంత్రం ఆవిడ మెట్లెక్కి నీళ్లు మోయడం నేను చూశాను.

మధ్యాహ్నం వంటకు కూర్చుని ముచ్చిక వైపు ముక్క కోసి నాలికకు ఆనించాను. చేదు. ఒకవేళ ముచ్చిక దగ్గర మాత్రమేనేమో అని నడుమన కోసి చూశాను. అక్కడ ఇంకా చేదు, గొంతు దాకా పాకింది. ఉమ్మేసి నోరు పుక్కిలించాను. ముక్కలు చెత్తబుట్టలో పడేసి, కత్తి కడిగి, ఒక క్షణం అలాగే నిలబడ్డాను. అంత ఆపేక్షగా ఇచ్చిన కాయ గురించి వెళ్లి ఏమని చెప్పాలి? అంతలోనే గుర్తొచ్చింది, రెండే కాశాయంది.

స్టవ్ ఆపి, కొంగు సర్దుకుని పైకి వెళ్లాను. తలుపు తీసే ఉంది. వంటింట్లోంచి జీలకర్ర పోపు వాసన వస్తోంది.

“ఆ సొరకాయ వండేశారా?” అన్నాను ఆయాసపడుతూనే.

“ఇప్పుడే పొయ్యి మీద పెట్టిన అక్కా. ఏమైంది?”

“చేదు చూశారా?”

ఆవిడ నా ముఖం వైపు చూసింది. బాండీ మీద మూత తీసి, గరిటెతో ఒక ముక్క పైకి తీసి, ఊది, నాలిక చివర పెట్టుకుంది. వెంటనే సింకు వైపు తిరిగి ఉమ్మేసి, ఇంకో చేత్తో స్టవ్ కట్టేసింది.